దొరసాని కళ్ళు

ఈ చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, వెచ్చటి చినూక్ గాలికి వాకిట్లో మంచు కరిగి బురదవుతుండగా, మా తమ్ముడి కూతురు చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. కాల్గరీలో మా రెండిళ్ళకీ మధ్య పది నిమిషాల డ్రైవ్. అయినా ఫోన్ చేయకుండా వచ్చే పిల్ల కాదు. బూట్లు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడి, కోటు లోపలినుంచి ఒక అట్ట కవరు తీసింది.

"అత్తా, మా స్టోర్‌కి ఒక డొనేషన్ బాక్స్ వచ్చింది. ఎవరో ఓల్డ్ మ్యాన్ పోయారట, ఆయన బేస్‌మెంట్ నిండా ఇవేనట. నేనేమీ చెప్పను. జస్ట్ చూడు."

అది యూనివర్సిటీలో చదువుకుంటూ వారాంతాల్లో ఒక పాత సామాన్ల దుకాణంలో పనిచేస్తుంది. కవరులోంచి బయటికి వచ్చింది ఒక పెద్ద నలుపు తెలుపు ఫోటో. నిగనిగలాడే కాగితం, చుట్టూ తెల్లటి అంచు, వెనక ఊదారంగు రబ్బరు స్టాంపు. ఒకప్పటి హాలీవుడ్ కంపెనీలు తమ తారల ప్రచారానికి వేలకొద్దీ అచ్చేయించి దేశదేశాలకూ పంపిన ఫోటోల్లో ఒకటి. భుజాల మీద బొచ్చుకోటు, తల కాస్త వాల్చి, కెమెరాను దాటి పైనెక్కడో ఉన్న వెలుగును చూస్తున్న ఒక నటి.

"నాయనమ్మ కదా?" అంది పిల్ల. "ఐ మీన్, మా పూజగది ఫోటోలో ఉన్న నాయనమ్మ, మీ అమ్మ. సేమ్ ఐస్. ఫోన్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూశా, ఎగ్జాక్ట్‌గా సరిపోయాయి. అదెట్లా పాసిబుల్? డాడ్‌కి ఇంకా చూపించలేదు."

"చూపించకు," అన్నాను.

ఆ మాట అన్న గొంతు నాది కాదు. ఎప్పుడో పోయిన మా నాయనమ్మది.

ఆ ఫోటోను నేను ఈ జన్మలో మళ్ళీ చూస్తాననుకోలేదు. చిన్నప్పుడు చివరిసారి చూసేసరికి దానికి కళ్ళు లేవు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కాలవ ఒడ్డున మా చిన్న పట్నంలో మా బాబాయికి ఫోటో స్టూడియో ఉండేది. ముందు గది నిండా పాలరాతి మెట్లూ స్తంభాలూ గీసిన తెర. దాని ముందు పేముకుర్చీ. వెనక చీకటి గది, అందులో ఎర్ర బల్బు. ఆ గది తలుపు తెరిస్తే ఫోటోలు కడిగే హైపో వాసన, పులిసిన వాసన ఒకటి కలిసి ముక్కు మండించేవి. బాబాయి చొక్కాకు, ఆయన మాకు కలిపి పెట్టే పెరుగన్నం ముద్దకు కూడా ఆ వాసనే. కిటికీ పక్కన ఏటవాలు బల్ల మీద గాజుపలక, వెనకనుంచి వెలుగు పడేట్టు అద్దం. దాని మీద నెగటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో జనం మొహాల మీది స్ఫోటకం మచ్చలూ ముడతలూ మాపేవాడు. సన్న కుంచె మొనను నాలికతో తడిపి తడిపి ఆయన నాలిక ఎప్పుడూ నల్లగా ఉండేది. ఒకసారి కుంచెను రంగునీళ్ళ గ్లాసనుకుని టీ గ్లాసులో ముంచాడు, ఆ టీనే తాగాడు. మేం నవ్వుతుంటే, "బానే ఉంది, కాస్త మసాలా పడింది," అన్నాడు.

బాబాయి మద్రాసులో రెండేళ్ళుండి పని నేర్చుకుని వచ్చేటప్పుడు ఒక రేకు పెట్టె తెచ్చుకున్నాడు. దాని నిండా దొరసానుల ఫోటోలు. అక్కడ పాత పుస్తకాల అంగళ్ళలో ఏరుకున్నవి. వాళ్ళ పేర్లు ఆయనకు తెలియవు. అందుకని తనే పెట్టుకున్నాడు: పొగ రాణి, ముత్యాలావిడ, అలిగినమ్మ, బొచ్చుకోటు దొరసాని. నన్ను పక్కన కూచోబెట్టుకుని ఆ ఫోటోలు చూపిస్తూ వెలుగు ఎటునుంచి పడిందో చెప్పమనేవాడు.

"ముక్కు నీడ చూడు, అమ్మడూ. పెదవి మీదికి దిగిందా, చెంప మీదికి పోయిందా? ఇప్పుడు కంట్లో చుక్క చూడు. ఆ తెల్ల చుక్క లేకపోతే మనిషి పీనుగే."

నాయనమ్మకు ఆ పెట్టె అంటే ఒళ్ళుమంట. "ఒంటి నిండా గుడ్డ కట్టుకోరు గానీ మొహానికి మాత్రం సున్నం కొట్టుకుంటారు," అనేది. అంటూనే నేను ఒక్కో ఫోటో తిప్పుతుంటే మెడ సాచి చూసేది.

అమ్మ మాత్రం స్టూడియో వైపు వచ్చేది కాదు. అమ్మకు ఎడమ కన్ను మెల్ల. ఎవరైనా కెమెరా ఎత్తితే కళ్ళు దించేసేది, లేదా పైట చెంగుతో మొహం తుడుచుకునేది. బాబాయి బతిమాలేవాడు.

"ఒక్కసారి కూచో వదినా. పక్కనుంచి వెలుగేస్తే ఎవరికీ తెలీదు."

"తెలీకపోతే అది నా ఫోటో ఎట్టా అవుద్ది, మరిదీ?" అని నవ్వేది అమ్మ.

ఆ ఎండాకాలం మొదట్లో అమ్మకు జ్వరం వచ్చింది. నాలుగో రోజున పోయింది. తమ్ముడికి ఏడాదిన్నర. వాకిట్లో జనం కూచుని ఉంటే, వాళ్ళ మధ్యనుంచి తప్పటడుగులు వేసుకుంటూ వంటింట్లోకీ, దొడ్లోకీ, మళ్ళీ వంటింట్లోకీ తిరిగాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. వాడికి అప్పటికి వచ్చిన మాటలు నాలుగో ఐదో.

పెద్దకర్మ నాటికి ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికితే అమ్మ ఉన్న ఫోటో ఒక్కటే దొరికింది, ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫోటో. రెండో వరసలో బొటనవేలి గోరంత మొహం. ఆ గోరంత మొహంలో కూడా కళ్ళు కిందికే.

నాన్న ఆ ఫోటోను బాబాయి చేతిలో పెట్టాడు. నాయనమ్మే బాబాయితో అంది. "పిల్లోడు పెద్దయ్యాక అమ్మేదని అడిగితే ఏం చూపిస్తాంరా? కళ్ళు తెరిచినట్టు చెయ్యి. చక్కటి కళ్ళు పెట్టు."

బాబాయి స్టూడియో తలుపు మూసుకున్నాడు. మా ఇంటినుంచి వెళ్ళిన క్యారియర్ సగం సగం తిరిగొచ్చేది. నేను తలుపు సందులోంచి చూస్తే వీపు మాత్రం కనిపించేది, ఆ ఏటవాలు బల్ల మీదికి వంగి.

పెద్దకర్మ రోజు పొద్దున్న హాల్లో కుర్చీ వేసి, దాని మీద తెల్ల తువ్వాలు పరిచి, ఫోటో పెట్టారు. అమ్మ చెవి కమ్మలు, అమ్మ పాపిట, అమ్మ గడ్డం. వాటి మధ్య రెండు పెద్ద కళ్ళు, సమానమైనవి, తడిగా మెరుస్తూ పైకి చూస్తున్నాయి. వచ్చినవాళ్ళంతా నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. "అచ్చం అట్టాగే ఉంది," అని ఒకావిడ ఏడ్చింది. నాన్న చాలాసేపు ఆ కుర్చీ ముందు నిలబడి, తర్వాత తన జుట్టు సరిచేసుకున్నాడు. కొత్తవాళ్ళ ఇంట్లోకి వెళ్ళే ముందు సరిచేసుకున్నట్టు.

నేను అందరి మధ్యా గట్టిగా అన్నాను. "అది అమ్మ కాదు."

ఎవరో నా నోరు మూశారు. నేను కొరికాను. నాయనమ్మ నన్ను రెక్క పట్టి దొడ్లోకి ఈడ్చుకుపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వాణ్ణి చూసుకోవడానికి పెట్టిన ఆయా చంకలో ఉన్న తమ్ముణ్ణి తీసుకుని నా ముందు నిలబెట్టింది.

"నీకు అమ్మ మొహం తెలుసు. వీడికి తెలీదు. వీడికి ఉన్నదంతా లోపల ఆ కుర్చీ మీద ఉంది. దాన్ని చెడగొడతావటే?"

తమ్ముడు నా గౌను అంచు పట్టుకున్నాడు.

"వీడి నెత్తిన చెయ్యి పెట్టు. ఎప్పుడూ చెప్పనని ఒట్టెయ్యి."

తమ్ముడి మాడు ఎండకు వేడిగా, మెత్తగా ఉంది. చెయ్యి పెట్టాను. ఒట్టు తప్పితే ఎవరి నెత్తిన పెట్టామో వాళ్ళు పోతారని మా బడిలో చిన్న పిల్లకు కూడా తెలుసు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం తమ్ముణ్ణి ఫోటో ముందుకు ఎత్తుకెళ్ళి, "అమ్మేదీ?" అని అడిగేవారు. వాడు వేలు చూపించడం నేర్చుకున్నాడు. అది తాటిముంజల కాలం. గంపలవాళ్ళు వాకిట్లోకి వచ్చి కాయ చెక్కితే లోపల మూడు ముంజలు, పారదర్శకంగా, నీళ్ళతో వణుకుతూ. అంతకుముందు ఏడాది బొటనవేలితో గుచ్చి నీళ్ళు పీల్చుకున్నదాన్ని, ఆ ఏడు వాటికేసి చూడలేకపోయాను.

ఒక మధ్యాహ్నం బాబాయి భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు, గూట్లో ఆయన పెట్టిన తాళం తీసుకుని స్టూడియోకి పోయాను. రేకు పెట్టెలో వెతికాను. పొగ రాణి ఉంది, ముత్యాలావిడ ఉంది. అట్టడుగున, గుడ్డలో చుట్టి, బొచ్చుకోటు దొరసాని. కనుబొమలతో సహా కళ్ళున్నచోట రెండు బాదంకాయ ఆకారపు రంధ్రాలు. బ్లేడుతో ఎంతో జాగ్రత్తగా కోసినవి. పెదవులు మాత్రం ఎప్పటిలాగే కొంచెం తెరుచుకుని ఉన్నాయి.

భయపడాల్సిందే. కానీ పిల్లల బుద్ధి. ఆ ఫోటోను గౌను కింద దాచుకుని ఇంటికి తెచ్చి, వసారాలో ఆడుకుంటున్న తమ్ముడి ముందు కూచుని నా మొహానికి అడ్డం పెట్టుకున్నాను. రంధ్రాల్లోంచి వాణ్ణి చూస్తూ 'బూ' అన్నాను, జడుసుకుంటాడని.

వాడు జడుసుకోలేదు. చేతిలో ఉన్న చెక్క లక్కపిడత వదిలేసి, రెండు చేతులూ చాపి, "అమ్మ," అన్నాడు.

ఫోటో కిందపడింది. వాడు దాన్ని పట్టించుకోకుండా నా మొహంలోకే చూస్తూ ఇంకోసారి అన్నాడు, "అమ్మ." తర్వాత చుట్టూ వెతుక్కున్నాడు, అప్పుడే ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు.

వెనక బాబాయి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. వంగి ఫోటో తీసుకున్నాడు, దుమ్ము దులిపాడు. తిట్టలేదు. మెట్టు మీద నా పక్కన కూచున్నాడు.

"మీ అమ్మ కళ్ళు నా దగ్గర లేవే అమ్మడూ," అన్నాడు. "ఉంటే అవే పెట్టేవాణ్ణి."

కోసిన అంచుల మీద వేలు తిప్పుతూ మళ్ళీ అన్నాడు. "మెల్ల కూడా పెట్టి చూశాను. రెండు రోజులు. అది ఎట్టా చూసినా ఈ దొరసానికి మెల్ల వచ్చినట్టే ఉంది గానీ, వదిన రాలేదు."

అంతటితో ఆగలేదు. మా ఇంట్లో ఫోటో చూసిపోయినవాళ్ళు తమ ఇళ్ళలో పోయినవాళ్ళ కోసం వచ్చారు. బాబాయి కాదనలేకపోయాడు. ఆ కళ్ళ నెగటివ్ ఆయన దగ్గర ఉండనే ఉంది. తర్వాత రెండేళ్ళలో, బడిలో నా జతపిల్ల ఇంటికి వెళితే, పూలదండ వెనకనుంచి వాళ్ళ మేనత్త అవే కళ్ళతో పైకి చూస్తోంది. కిరాణా కొట్టు గోడ మీద ఒక ముసలాయన. మీసాల పైన అవే కళ్ళు. ఒక్కో కంట్లో రెండేసి వెలుగు చుక్కలు, మా ఊళ్ళో ఏ ఇంటి కిటికీలోంచీ పడని వెలుగు. నేను ఆ ఇళ్ళలో గోడకు వీపు పెట్టి కూచునేదాన్ని.

అసలు భయం అది కాదు. పన్నెండో ఏడో పదమూడో ఏడో, ఒకరోజు జడ వేసుకుంటూ అమ్మను తలచుకుంటే, దొరసాని కళ్ళతో వచ్చింది. తల విదిలించి మళ్ళీ తలచుకున్నాను. మళ్ళీ అవే. అమ్మకు మెల్ల ఉండేదని తెలుసు, ఏ కన్నో కూడా తెలుసు. లెక్కల సూత్రం గుర్తున్నట్టు గుర్తుంది. చూద్దామంటే లేదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా రాలేదు.

ఇదంతా మా మేనకోడలికి ఆ ఆదివారం చెప్పాను. బూట్లు విప్పి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని వింది. ఒట్టు దగ్గరికి వచ్చేసరికి, "అత్తా, యు వర్ నైన్," అంది. కాసేపటికి, "బట్ హి షుడ్ నో. అది ఆయన మదర్ కదా," అంది.

నేను దానికి ఒక్క విషయం చెప్పలేదు.

తర్వాతి శనివారం తమ్ముడింటికి వెళ్ళాను. మా మరదలు పొయ్యి దగ్గర పులుసు కలుపుతోంది. తమ్ముణ్ణి పూజగదిలోకి పిలిచి, అట్ట కవరు చేతికిచ్చి, నిలబడే చెప్పాను. చెబుతున్నంతసేపూ వాడి నడినెత్తినే చూస్తున్నాను. అక్కడ జుట్టు పలచబడింది.

వాడు అమ్మ ఫోటోను గోడ మీదినుంచి దించాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, గాజుకు ముక్కు ఆనేలా చూశాడు. "ఇక్కడ కుంచె గీత కనపడుతోందక్కా," అన్నాడు. "ఇన్నేళ్ళూ ఇది పగులనుకున్నా."

"నన్ను తిట్టరా," అన్నాను.

వాడు తిట్టలేదు. "అమ్మకి మెల్ల ఉండేదా?" అని అడిగాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మరదలు స్టవ్ ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చెప్పకుండా దాచిన విషయం ఆమెకు అప్పటికే అర్థమైపోయింది.

ఈ మేనకోడలికే నాలుగేళ్ళప్పుడు ఎడమ కన్ను పక్కకు జారుతోందని, ఆ కన్ను పనిచేసేట్టు కుడి కంటిని ప్యాచ్ వేసి మూశారు. ఏడాదిన్నర పాటు. నేనప్పుడు విన్నిపెగ్‌లో ఉండేదాన్ని. తమ్ముడు ఫోన్ చేశాడు: "అక్కా, ఫ్యామిలీ హిస్టరీ ఉందా అని డాక్టర్ అడిగింది. మన సైడ్ ఎవరికీ లేదు కదా?"

"లేదు," అన్నాను నేను. వాడి నెత్తిన నా చెయ్యి ఇంకా ఉన్నట్టే అనిపించింది ఆ క్షణంలో.

"వదినా," అంది మరదలు. గొంతు పెంచలేదు. "దానికి ఎనిమిదో నెలలో మంచం మీంచి పడింది. నేను పక్కనే ఫోన్ మాట్లాడుతున్నా. డాక్టర్ దాని వల్ల కాదంది. మరి ఇంకెవరికీ లేదు కదా, నా వల్లే అనుకున్నా. పదహారేళ్ళు అదే అనుకున్నా. మీకు తెలుసు."

"తెలుసు."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరం సరిగా తినలేదు. మేనకోడలు షిఫ్ట్ ముగించుకుని అలసిపోయి వచ్చింది. బాగా అలిసినప్పుడు దాని ఎడమ కన్ను ఇప్పటికీ కొంచెం పక్కకు పోతుంది. ఇన్నేళ్ళూ అట్లా పోయినప్పుడల్లా నేను తల తిప్పుకునేదాన్ని. ఆ రోజు తిప్పుకోలేదు. చూశాను. అందులో అమ్మ దొరుకుతుందేమోనని ఆశపడ్డాను. దొరకలేదు. అది ఆ పిల్ల కన్నే.

ఆ వారమంతా పొద్దున్నే లేచి తమ్ముడికి ఫోన్ చేశాను. "బానే ఉన్నావా?" అని. నాలుగో రోజు వాడికి విషయం అర్థమై, "అక్కా, సీట్ బెల్ట్ పెట్టుకునే డ్రైవ్ చేస్తున్నాలే," అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. ఇద్దరం నవ్వలేదు.

మరదలు నెలపైన నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తనే వచ్చి, టీ పెట్టుకుని, "తొమ్మిదేళ్ళ పిల్లతో చేయించిన ఒట్టు కదా వదినా," అంది.

"ఫోన్లో లేదన్నప్పుడు నాకు యాభై," అన్నాను.

ఆమె టీ తాగి, కప్పు కడిగిపెట్టి వెళ్ళింది. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. మునుపటిలాగా కాదు.

ఫోటో మళ్ళీ పూజగది గోడ మీదే ఉంది. తీసేస్తాడనుకున్నాను. "ఉండనీ," అన్నాడు తమ్ముడు. "పరీక్షలకి పోయేటప్పుడు, వీసా వచ్చినప్పుడు, పాప పుట్టినప్పుడు, నన్ను చూసింది ఈవిడే కదా. ఎక్కడికి పొమ్మంటాం?"

పోయిన వారం మేమిద్దరం వాళ్ళ డెక్ మీద కూచున్నాం. ఇంకా చలిగానే ఉంది గానీ ఎండ కాస్త పడుతోంది. వాడు ఉన్నట్టుండి అడిగాడు. "అక్కా, మెల్ల కన్నుతో అమ్మ చూస్తే ఎట్లా ఉండేది?"

నాకు ఏమీ కనిపించడం లేదు. పైకి చూస్తున్న రెండు తడి కళ్ళు తప్ప. వాడు ఎదురుచూస్తున్నాడు, అరవైకి దగ్గరపడుతున్న మనిషి, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని.

"నాకు అన్నం పెట్టి ఎదురుగా కూచునేది," అన్నాను. "నువ్వు పక్కన ఉయ్యాలలో. నన్ను చూస్తున్నావా, తమ్ముణ్ణి చూస్తున్నావా అని అడిగేదాన్ని. ఇద్దర్నీ, అనేది."

"అట్లా అనేదా?"

"అనేది."

వాడు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అమ్మ ఆ మాట నిజంగా అన్నదో, వాడి కోసం అప్పటికప్పుడు నా నోట్లోంచి వచ్చిందో నాకు తెలియదు. ఎంత తవ్వుకున్నా తెలియడం లేదు. బాబాయి ఆ బల్ల మీదికి వంగి గడిపిన రోజులు గుర్తొచ్చాయి.

సాయంత్రం భోజనాల దగ్గర వాడు కూతురికి చెబుతున్నాడు. "మీ నాయనమ్మ ఏమనేదో తెలుసా? అత్తకి అన్నం పెడుతూ..." పిల్ల చెంచా ఆపి వింటోంది. మరదలు నా వైపు చూసింది. నేను పప్పు గిన్నె తమ్ముడి వైపు జరిపాను.